ముళ్లపంది కొరికిన పన్ను

ఉదయం పది నలభైకి స్నేహలత జియాలజీ మ్యూజియం తలుపు ముందు మూడోసారి నిలబడింది. మొదటిసారి వస్తే హెడ్ ఉత్తరం కావాలన్నారు. అది తెచ్చాక రిజిస్ట్రార్ సంతకం లేదన్నారు. ఇప్పుడు సంతకం చేతిలో ఉంది. కానీ పాత తాళం పక్కన తళతళలాడుతూ ఇంకో కొత్త తాళం వేలాడుతోంది.

"అది నాది," అన్నాడు వెనకనుంచి ఇన్నయ్య.

రిటైరైన డీఎస్పీ ఇన్నయ్య ఇప్పుడు యూనివర్సిటీ విజిలెన్స్ ఆఫీసర్. తొమ్మిదేళ్ల కింద స్నేహలత ఆయన దగ్గర ఎస్సైగా పనిచేసింది. విచారణ సగంలో ఉండగానే ఆయన ఒక ఫైలు మూసేస్తుంటే ఎదురుతిరిగి ఉద్యోగం వదిలేసింది. తార్నాకలో కోచింగ్ సెంటర్ పై అంతస్తులో డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టుకుంది. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు.

"సంతకం తెచ్చిన సార్. తాళం తియ్యండి."

"తీస్త. పన్నెండున్నరకు వచ్చి అరగంట తీస్త. ఎంక్వైరీ నాది స్నేహా, నీది కాదు. దొంగ ఎవడో నాకు ఎరుకైంది. వానికి సాయంత్రం ఐదింటిదాకా టైమిచ్చిన. పన్ను తెచ్చి టేబుల్ మీద పెడితే సరే, లేకపోతే పోలీసులకు అప్పజెప్పుడే."

"మ్యూజియం, బీరువా తాళంచెవులు రెండు జతలున్నయ్ సార్. అటెండర్ బుచ్చిరాములు ఒక్కడే ఎట్ల దొంగైతడు?"

"రెండో జత ప్రొఫెసర్ సుందరరావు సార్‌ది. సొంత పన్ను సొంతదారుడు దొంగిలిస్తడా? జెర ఆలోచించి మాట్లాడు."

పోయింది నిజంగానే ఒక పన్ను. ఒకప్పుడు భూమ్మీద తిరిగిన అతి పెద్ద కోతిజాతి జంతువుది. ప్రొఫెసర్ సుందరరావు ఆరేళ్ల కింద ఒక సున్నపురాయి గుహ తవ్వకంలో దాన్ని వెలికితీశాడు. ఆ ఒక్క పన్నుతో దేశదేశాల్లో పేరు సంపాదించాడు. పోయిన శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట పదికీ, రెండుకూ మధ్య అది అద్దాల బీరువాలోంచి మాయమైంది. అద్దం పగల్లేదు, తాళం చెడలేదు. ఒంటిగంట పదికి మ్యూజియం తాళం వేసిన అటెండర్ బుచ్చిరాములు, ఆ యాభై నిమిషాలు ఎక్కడున్నావంటే నోరు విప్పడం లేదు. ఇన్నయ్యకు చెప్పలేదు. తన తరఫున నిలబడ్డ స్నేహలతకూ చెప్పలేదు. ఆమెకు అన్నిటికంటే చికాకు పుట్టిస్తున్నది అదే. అతని భార్య సోమమ్మ బౌద్ధనగర్‌నుంచి వచ్చి చేతులు పట్టుకుని ఏడ్చింది గనుక సరిపోయింది గానీ, లేకుంటే ఈ కేసు మొదటిరోజే వదిలేసేది.

*

సుందరరావు గదిలో పుస్తకాలు కుర్చీల మీదికి కూడా పాకాయి. ఆయన ఒక కుర్చీ ఖాళీ చేసి చూపించాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, గడ్డం గీసుకుని రెండుమూడు రోజులైనట్టుంది.

"శుక్రవారం ఒంటిగంటనుంచి రెండువరకు ఎక్కడున్నారు సార్?"

"సెలక్షన్ కమిటీ మీటింగు. ఒంటిగంటకు గెస్ట్‌హౌస్‌లో భోజనం. పదకొండుమంది ఉన్నాం. ఇన్నయ్యగారికి చెప్పాను కదా."

"పన్నును ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"బుధవారం. ఆ తర్వాత చూడలేదు."

"బుచ్చిరాములు మీద మీకు అనుమానం ఉన్నదా?"

సుందరరావు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇరవై ఏడేళ్ల సర్వీసు. నాలుగు నెలల్లో రిటైరవుతాడు. నేనేమనను?"

అవునని అనలేదు, కాదని అనలేదు. స్నేహలతకు ఒళ్లు మండింది. పొద్దున్నుంచీ ఇదే వరస. ఎవరిని కదిపినా సగం జవాబే. ఆమె దారి మార్చింది.

"ఆ జంతువు గురించి చెప్పండి సార్. నాకేమీ తెల్వదు."

అంతే, ఆయన గొంతు మారిపోయింది. "పది అడుగుల ఎత్తు. రెండున్నర మూడు క్వింటాళ్ల బరువు. దక్షిణ చైనా అడవుల్లో ఇరవై లక్షల ఏళ్లు బతికింది. పులికీ భయపడాల్సిన పని లేదు. నేల మీద కూర్చుని పండ్లు తినేది, అంతే. తర్వాత వాతావరణం మారింది. ఎండాకాలాలు పొడుగయ్యాయి, అడవి పలచబడింది, పండ్లు దొరకని నెలలొచ్చాయి. దాని దగ్గరి బంధువు ఒరాంగుటాన్ చిన్నది, చురుకైంది. ఆకులు, గింజలు, ఏది దొరికితే అది తింది. ఇది మాత్రం బెరడు, పుల్లలు నమిలింది. కడుపు నిండేది కానీ ఒంటికి పట్టేది కాదు. ఆ ఆకలి పన్ను మీది పింగాణీ పొరలో చారలు చారలుగా కనిపిస్తుంది. తరం తర్వాత తరం తగ్గిపోయి, రెండు లక్షల చిల్లర ఏళ్ల కింద ఒక్కటీ మిగల్లేదు."

"మరి మన గుహకు ఎట్ల వచ్చింది?"

"అదే కదా నేను కనిపెట్టింది! అక్కడ అంతరించాక కూడా ఇక్కడ కొన్ని బతికాయి. నా పన్ను దానికి సాక్ష్యం."

"పన్ను ఒక్కటేనా? ఎముకలు దొరకలేదా?"

"చైనాలో కూడా నాలుగు దవడలు, రెండువేల పళ్లు, అంతకుమించి లేవు. గుహల్లో ముళ్లపందులు ఎముకలన్నీ కొరికేశాయి. పళ్ల వేర్లు కూడా వదల్లేదు. మా గుహలో ముళ్లపంది జాడే లేదు. అందుకే ఎముకలు దొరుకుతాయని నా ఆశ. ఇంకా తవ్వాలి." ఆయన నుదురు రుద్దుకున్నాడు. "ఇవాళ సోమవారం, పన్నును వయసు తేల్చడానికి బెంగళూరు పంపాల్సిన రోజు. ఇంతలో ఇలా అయింది. నీలం మూత సీసా, ఎవరి జేబులోనైనా ఇట్టే పడుతుంది. ఏం చేస్తాం?"

స్నేహలత ఆ మాటను కూడా మిగతావాటితోపాటు నోట్‌బుక్‌లో రాసుకుంది. అప్పటికి అందులో ఆమెకేమీ కనబడలేదు.

*

ఇన్నయ్య పన్నెండున్నరకు కాదు, పన్నెండు నలభై ఐదుకు వచ్చి తాళం తీశాడు. "ఒకటింబావుకు మూసేస్త," అని గుమ్మంలో నిలబడి ఫోన్ చూసుకోసాగాడు.

సుందరరావు దగ్గర పరిశోధన చేస్తున్న ధరణి లోపల లైట్లు వేసింది. శుక్రవారం రెండుగంటలకు బుచ్చిరాములు తాళంచెవితో బీరువా తెరిచి, పన్ను లేదని మొదట చూసింది ఆ అమ్మాయే. స్నేహలత అద్దాల బీరువా అంచులు, తాళం కప్ప, అరలు వెతికింది. గీత లేదు, గీరు లేదు. మధ్య అరలో ఎర్ర మఖ్మల్ పరిచిన చెక్కపెట్టె ఖాళీగా ఉంది.

"పన్ను ఇందులనే ఉండెనా?"

"లేదు మేడం. శుక్రవారం నేనే మార్చిన. స్కానింగ్‌కు పంపిన పన్ను ఆ రోజే తిరిగొచ్చింది. చెక్కపెట్టెల కదులుతున్నదని దూది పెట్టి చిన్న ప్లాస్టిక్ సీసాల వేసి పెట్టిన. ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ అప్పుడు."

స్నేహలత చెయ్యి ఆగిపోయింది. "మూత ఏం రంగు?"

"నీలం."

"సీసాల పెట్టినవని ఎవరికి చెప్పినవ్?"

"ఎవరికీ చెప్పలే. రెండింటికి వచ్చి కొలతలు తీసుకుందామనుకొని మెస్‌కు పోయిన. వచ్చేసరికి సీసా లేదు. ఇన్నయ్య సార్‌కు కూడా 'పన్ను పోయింది' అన్న గానీ సీసా గురించి ఆయన అడగలే, నేను చెప్పలే."

బుధవారం తర్వాత పన్నును చూడలేదన్న మనిషికి శుక్రవారం మధ్యాహ్నం పెట్టిన సీసా మూత రంగు ఎలా తెలిసింది? స్నేహలత గొంతు తగ్గించింది.

"స్కానింగ్ ఎందుకు చేయించినవ్?"

ధరణి గుమ్మంవైపు ఒకసారి చూసింది. "పన్ను వేరు చుట్టూ గట్టి మట్టి అంటుకొని ఉంటది మేడం. గుహ మట్టి. సాక్ష్యం అని సార్ దాన్ని ఎన్నడూ తీయనియ్యలే. మట్టి తీయకుంటనే లోపల చూడొచ్చని తార్నాకల ఒక ల్యాబుకు పంపిన. బొమ్మలు గురువారమే మెయిల్‌ల వచ్చినయ్." ఫోన్ తీసి చూపించింది. తెల్లటి వేరు మీద, పక్కపక్కనే, ఉలితో చెక్కినట్టు జంట గాట్లు.

"ఇవేంది?"

"ముళ్లపంది కొరికిన గాట్లు. చైనా గుహల్లో దొరికిన పళ్లన్నిటికీ ఉంటయ్. మా గుహల ముళ్లపందే లేదు. గురువారం సాయంత్రం సార్‌కు చూపించిన. చాలాసేపు చూసిండ్రు. 'ఇవి పగుళ్లు, ఎవరికీ చూపకు' అన్నరు. నా చేతిల ఉన్న ప్రింటు కూడా తీసుకున్నరు."

అంటే పన్ను గుహది కాదు. ఎవరో చైనా పన్నును తెచ్చి గుహలో పెట్టారు. ఇవాళ బెంగళూరు పంపితే అక్కడ తేలిపోయేది, సుందరరావు భయం అదే. కేసు ఒక్కసారిగా తెరుచుకున్నట్టనిపించింది స్నేహలతకు. "ఇసోంటి పన్ను ఈ డిపార్ట్‌మెంటుల ఇంకోటి ఉన్నదా?"

"లేదనే అనుకుంటున్న. కానీ వెనక స్టోర్‌ల పాత బహుమతుల డ్రాయర్లు ఉన్నయ్. అవి ఎవరూ తెరవరు. బుచ్చిరాములన్న ఒక్కడే దులుపుతడు."

స్టోర్‌లో మూడో డ్రాయర్ కింద అరలో దొరికింది. చేతిరాత చీటీ: హాంకాంగ్ మందుల అంగడిలో కొన్న పళ్లు, రెండు. మందుగా నూరడానికి అక్కడ ఇలాంటి పాత పళ్లు అమ్మేవాళ్లు; ఎవరో ప్రొఫెసర్ అరవై ఏళ్ల కింద కొని తెచ్చి బహుమతిగా ఇచ్చినవి. దూదిలో రెండు గుంటలు ఉన్నాయి. ఒకదాంట్లో అలాంటి పన్నే ఉంది. రెండోది ఖాళీ.

డ్రాయర్ పక్కనే ఏటేటా సామాను సరిచూసిన నోట్‌బుక్ ఉంది. గుండ్రటి తెలుగు అక్షరాలు, ఒకే చేతివి. 'మందుల అంగడి పళ్లు — 2.' తర్వాతి ఏడు కూడా 2. ఆ కింద కూడా 2. ఆరేళ్ల కింద మాత్రం '1'. అప్పట్నుంచి ఈ ఏటిదాకా ఒకటే. ప్రతి పేజీ కింద అదే సంతకం: బుచ్చిరాములు.

స్నేహలత ఆ ఒకటి అంకెను మళ్లీ చూసింది. అబద్ధం రాయడానికి చెయ్యిరాని మనిషి. దాన్ని ఎవరూ చదవరనీ తెలిసిన మనిషి. ఆ పేజీ ఫోటో తీసుకుని, గుమ్మంలోని ఇన్నయ్యకు చూపకుండా నోట్‌బుక్ ఎక్కడిదక్కడ పెట్టేసింది. పెట్టేస్తుంటే తనమీద తనకే కోపం వచ్చింది. తొమ్మిదేళ్ల కింద ఇలా సాక్ష్యం మూసిపెట్టాడనే ఇన్నయ్యను నిలదీసింది తను.

*

"టైమైంది," అన్నాడు ఇన్నయ్య.

"సార్, సుందరరావు సార్ గెస్ట్‌హౌస్‌ల ఎంతసేపు ఉన్నడో అడిగిండ్రా?"

"పదకొండుమంది సాక్షులు."

"ఎంతసేపు అని అడిగిన. పన్నెండు యాభైకి పెట్టిన సీసా మూత నీలమని ఆయనకు తెల్సు. బుధవారం తర్వాత చూడలేదన్నడు."

ఇన్నయ్య తాళం వేసి, లాగి చూసుకుని, అప్పుడు ఆమెవైపు తిరిగాడు. "మూత రంగు చూసి ప్రొఫెసర్‌ను దొంగను చేస్తవా? ఇంత పేరున్న మనిషి మీద నేను రిపోర్టు రాయాల్నా? నీకు అప్పుడూ గిదే రోగం, ఇప్పుడూ గదే. పెద్దోళ్ల మీద పడితేనే నీకు నిద్ర పడ్తది."

"మీకు చిన్నోళ్ల మీద పడితేనే ఫైలు మూతపడ్తది సార్."

"ఐదింటికి నీ ఆఫీసుకొస్త. బుచ్చిరాములు గాడనే ఉంటడని విన్న. సుందరరావు సార్‌ను కూడా తోల్కొస్త, గుర్తుపట్టాలె గదా పన్నును." ఇన్నయ్య వెళ్లిపోయాడు.

రెండుంబావుకు స్నేహలత గెస్ట్‌హౌస్ వంటగది వెనకవైపు వెళ్లింది. వంటమనిషి శ్యామలాంబ గిన్నెలు బోర్లిస్తూ చెప్పింది. "ఆ సారు బువ్వల చెయ్యి పెట్టలేదమ్మా. విస్తరి ముందల కూసొని, ఫోన్ల టైము చూసుకొని లేసిండు. ఒకటింబావు అయితుండె. నేను పెరుగు తెచ్చేసరికి లేడు. మళ్లీ రెండింటికి మీటింగుల కనబడ్డడు."

"ఈ మాట ఇన్నయ్య సార్ ముందల చెప్తవా?"

"అమ్మో, నేను చెప్పిన్నని అనొద్దు. నా కొలువు పోతది."

గెస్ట్‌హౌస్‌నుంచి మ్యూజియానికి స్నేహలత నడిచి చూసుకుంది. ఆరు నిమిషాలు. అంతా సరిపోయింది. సరిపోయినా చేతిలో పెట్టి చూపించడానికి ఏమీ లేదు. చెప్పేవాళ్లు బయటికి రారు. రాగలిగిన ఒక్కడు నోరు విప్పడు.

*

తార్నాక ఆఫీసులో బుచ్చిరాములు, సోమమ్మ బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కింది అంతస్తులో మైకులో లెక్కల పాఠం నడుస్తోంది. గోడ గడియారంలో నాలుగుంబావు.

స్నేహలత ఫోన్‌లో ఆ పేజీ తెరిచి బుచ్చిరాములు ముందు పెట్టింది. అతను చూశాడు. చేతులు మోకాళ్ల మధ్య దూర్చుకున్నాడు.

"అన్నా, మూడు రోజులాయె. నీ కోసం ఎన్ని తలుపులు కొట్టిన్నో నీకు తెల్వదు. ఇప్పుడన్నా చెప్తవా?"

బుచ్చిరాములు ఫోన్‌ను మెల్లగా ఆమెవైపు జరిపాడు.

"పదకొండేండ్లు తవ్విండు మేడం మా సారు," అన్నాడు చివరికి. "ప్రతి ఎండకాలం నేను ఎంబడి పోయేటోణ్ణి. గుహల మోకాళ్ల మీద పాక్కుంట, బ్రష్షుతోని మట్టి ఊడ్సుకుంట. కుందేలు పుర్రెలు, గబ్బిలాల బొక్కలు దప్ప ఏం దొరకలే. ఆఖరు ఏడు తవ్వకం బందు పెడ్తమని ఉత్తరం వచ్చింది. ఆ రాత్రి సారు బువ్వ తినలే. చిన్నపోరని లెక్క ఏడ్సిండు. నేను సూసిన్నని ఆయనకు తెల్వదు."

"అప్పుడు నువ్వు..."

"డ్రాయర్‌ల ఉన్న పన్ను తీస్కపోయిన. మ్యూజియంకు మట్టితోని, సున్నంతోని నకలు బొమ్మలు పోసే పని నాదే గదా, నాకు ఎరుకనే. గుహ మట్టి, సున్నం కలిపి వేరుకు పట్టించిన. నాలుగు రోజులు ఎండబెట్టిన. గుంతల పెట్టిన. సారే తీసిండు దాన్ని. నన్ను గట్టిగ పట్టుకున్నడు మేడం. అంత పెద్దసారు, అటెండర్‌ను." అతను ఫోన్‌లోని ఒకటి అంకెవైపు చూశాడు. "ఒక్క ఏడు తవ్వనిస్తరు, నిజం పన్ను దొరుకుతది, గిది మరుగున పడ్తదనుకున్న. గింత పేరు వస్తదనుకోలే."

సోమమ్మ నోరు తెరిచి వింటోంది. ఆమెకు కూడా ఇది తెలియదని ముఖంలోనే ఉంది.

"శుక్రవారం?" అంది స్నేహలత.

"ముందటి తలుపుకు తాళమేసి, వెనకకెల్లి వచ్చి స్టోర్‌ల కూసొని బువ్వ తింటున్న. అద్దంల నుంచి అగుపడ్డడు. సారు బీరువా తీసిండు, సీసా జేబుల వేసుకున్నడు, పోయిండు. గట్లెందుకు చేసిండో తెల్వలే గానీ, నేను చేసిన పనికే ఆయనకు ఏదో తిప్పలొచ్చిందని సమజైంది. ఏం మొకం పెట్టుకొని చెప్పాలె?"

"ఆయన నిన్ను దొంగను చేసి ఊకున్నడన్నా!"

"నేను ఆయనను ముందే చేసిన గద మేడం."

స్నేహలతకు కుర్చీ చేతిని గట్టిగా గుద్దాలనిపించింది. నిజం మొత్తం గదిలోనే ఉంది. దాన్ని బయటపెడితే బుచ్చిరాములు దొంగ కాడు, కానీ అంతకంటే పెద్ద మోసం అతని మీద పడుతుంది. పెట్టకపోతే జైలు.

"పన్ను నేను పెట్టిన్నని మా సార్‌కు చెప్పకుండ్రి," అన్నాడతను. "దండం పెడ్త."

నాలుగు యాభైకి మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఇన్నయ్య లోపలికి వచ్చాడు. వెనక సుందరరావు, ఆయన వెనక ఒక కానిస్టేబుల్.

"ఏమాయె? పన్ను యాడ ఉన్నది?"

స్నేహలత నోరు తెరవకముందే బుచ్చిరాములు లేచి నిలబడ్డాడు.

"నేనే తీసిన సార్. మూసీల పారేసిన. ఇగ దొరకదు."

ఇన్నయ్య స్నేహలతవైపు చూసి నవ్వాడు. కానిస్టేబుల్ ముందుకొచ్చాడు. సుందరరావు చూపు నేల మీదే ఉంది.

"అబద్ధం!" సోమమ్మ లేచి గుమ్మానికి అడ్డం నిలబడింది. చీరకొంగు నడుముకు బిగించింది. "ఎవ్వలు కదలొద్దు. సారూ, నువ్వు చెప్పు. మా ఇంటాయన సూసిండు నిన్ను. శుక్రవారం పగటీలి బీరువా తీసి సీసా జేబుల వేసుకున్నది నువ్వు గాదా? నీ మీదికి రావొద్దని నా పెనిమిటి జైలుకు పోతాంటే సూస్కుంట నిలబడ్తవా?"

"ఏయ్ అమ్మా, పక్కకు జరుగు," అన్నాడు ఇన్నయ్య.

"ఉండండి," అన్నాడు సుందరరావు. "ఆమె చెప్పింది నిజం. పన్ను నా ఇంట్లో ఉంది."

ఇన్నయ్య ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు. స్నేహలత మూడు రోజులుగా ఎదురుచూసిన క్షణం అదే. వచ్చాక చూస్తే అందులో ఆమెకు రవ్వంత సంతోషం దొరకలేదు. ఎందుకంటే తర్వాత ఏ ప్రశ్న రాబోతుందో ఆమెకు తెలుసు.

సుందరరావు బుచ్చిరాములువైపు తిరిగాడు. "నువ్వు చూశావు. చూసి కూడా మూడు రోజులు చెప్పలేదు. ఇప్పుడు నా తప్పు నెత్తిన వేసుకుంటున్నావు. ఎందుకు బుచ్చిరాములూ?"

బుచ్చిరాములు స్నేహలతను చూశాడు.

"ఆ పన్ను గుహది కాదు సార్."

"తెలుసు. గురువారంనుంచి తెలుసు. నన్ను ఎవరో మోసం చేశారు. ఎవరని నాలుగు రోజులుగా ఒక్కొక్కరినీ తలుచుకుంటున్నాను. నా శత్రువులందరినీ తలుచుకున్నాను."

"నేనే సార్. డ్రాయర్‌ల నుంచి తెచ్చి పెట్టిన."

కింద మైకు ఆగింది. పాఠం అయిపోయినట్టుంది, మెట్ల మీద పిల్లలు గోలగా దిగిపోతున్నారు. సుందరరావు బెంచీ అంచు తడుముకుని, సోమమ్మ లేచిన చోట కూలబడ్డాడు. అరచేతులు చూసుకున్నాడు.

"ఆరేళ్లు," అన్నాడు. "ఆరేళ్లు రోజూ పొద్దున నా టేబుల్ మీద టీ పెట్టావు. ఎలా పెట్టావురా?"

బుచ్చిరాములు కళ్లు తుడుచుకుని, కానిస్టేబుల్ ముందుకు తనే రెండు చేతులూ చాపాడు.